చెట్ల సైన్యం – 4: పలుగూ పారా పట్టి చరిత్ర తవ్వినవాళ్ళు

కిందటి భాగాన్ని 1933 జూలై 1 దగ్గర ఆపాం. మార్చి 4న అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆ నెల తిరక్కుండానే, 31వ తేదీన, పనిలేని కుర్రాళ్ళను అడవుల పనికి పంపే చట్టం మీద సంతకం పెట్టాడు. ఏప్రిల్ 7న మొదటి కుర్రాడు పేరు రాయించుకున్నాడు. ఇంకో పది రోజులకు వర్జీనియా కొండల్లో, లూరే అనే ఊరికి దగ్గర్లో మొదటి శిబిరం వెలిసింది. అంతమందిని అంత తక్కువ వ్యవధిలో కదిలించడం ఒక్క సైన్యం వల్లే అవుతుందని తేలాక, సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్ రైళ్ళూ లారీలూ గుడారాలూ వంటసామానూ బయటికి తీయించాడు. జూలై నాటికి 2,70,000 మందికి పైగా యువకులు 1,300 శిబిరాల్లో సర్దుకున్నారు. ఈ ఏర్పాటు పేరు సివిలియన్ కన్జర్వేషన్ కోర్. మూడు మాటలూ ‘సి’తోనే మొదలవుతాయి కాబట్టి కుర్రాళ్ళు దాన్ని త్రీ సీస్ అనుకున్నారు. పత్రికలు చెట్ల సైన్యం అన్నాయి.

చెట్ల సైన్యం అన్నమాట నిజమే. తొమ్మిదేళ్ళలో వాళ్ళు నాటిన మొక్కలు దాదాపు 300 కోట్లు. అయితే ఆ పేరు వెనక ఇంకో పని మరుగున పడిపోయింది. పలుగూ పారా ఇచ్చి అడవికి పంపిన కుర్రాళ్ళలో కొన్ని వేలమంది చేతులు పాడుపడ్డ కోటల మీద, కూలిన గుళ్ళ మీద, పూడిపోయిన పునాదుల మీద పడ్డాయి. చరిత్ర పుస్తకం తెరిచిన అలవాటు లేనివాళ్ళు, కొందరైతే అక్షరం ముక్క రానివాళ్ళు, ఒక దేశపు చరిత్రను మట్టిలోంచి పైకి తీశారు. ఈ భాగం వాళ్ళది.

అడవి పనికి పెట్టిన పథకంలోకి చరిత్ర ఎలా వచ్చింది? దానికి ఒక కారు ప్రయాణం కారణం.

1933 ఏప్రిల్ 9, ఆదివారం. మాజీ అధ్యక్షుడు హూవర్ బ్లూ రిడ్జ్ కొండల్లో రాపిడాన్ నది పక్కన కట్టుకున్న విడిదిని చూడటానికి వెళ్ళిన రూజ్‌వెల్ట్, సాయంత్రం కారులో వాషింగ్టన్‌కు తిరిగి వస్తున్నాడు. పక్కన నేషనల్ పార్క్ సర్వీస్ డైరెక్టర్ హోరేస్ ఆల్‌బ్రైట్ కూర్చున్నాడు. ఆ దారి పొడవునా అంతర్యుద్ధంలో నెత్తురు పారిన నేలే. గెటిస్‌బర్గ్, షైలో, విక్స్‌బర్గ్ వంటి రణస్థలాలు అప్పటికి యుద్ధశాఖ చేతిలో ఉన్నాయి. స్మారక స్తంభాలకు రంగు వేయించడం, గడ్డి కోయించడం తప్ప యుద్ధశాఖకు వాటి మీద వేరే ధ్యాస లేదు. ఆ స్థలాలు తన శాఖకు రావాలని ఆల్‌బ్రైట్ ఏళ్ళ తరబడి తిరుగుతున్నాడు. అడిగిన ప్రతిసారీ సైనికాధికారులు అడ్డుపడ్డారు. ఆరోజు కారులో అధ్యక్షుడు తీరిగ్గా దొరికాడు, కిటికీలోంచి రణస్థలం కనిపిస్తోంది. ఆల్‌బ్రైట్ అడగవలసింది అడిగేశాడు. రూజ్‌వెల్ట్‌కు చరిత్ర అంటే ప్రాణం. వెంటనే సరేనన్నాడు. జూన్ 10న ఉత్తర్వు వెలువడింది, ఆగస్టు 10న అమల్లోకి వచ్చింది. రణస్థలాలు, కోటలు, స్మారకాలు ఒక్క రోజులో పార్క్ సర్వీస్ ఒడిలో పడ్డాయి.

ఆస్తి వచ్చింది గానీ దాన్ని చూసుకోవడానికి మనుషులేరి? పార్క్ సర్వీస్‌లో చరిత్రకారుల విభాగం మొదలై అప్పటికి రెండేళ్ళే అయింది. మరోవైపు చెట్ల సైన్యానికి మనుషులు కావలసినంతమంది ఉన్నారు, వాళ్ళకు చూపించవలసింది పని. రెండు అవసరాలూ ఎదురుబొదురుగా నిలబడ్డాయి. పార్క్ సర్వీస్ మొదటి ప్రధాన చరిత్రకారుడు వెర్న్ చాటెలైన్ ఈ అవకాశాన్ని ఇట్టే పట్టుకున్నాడు. చెట్ల సైన్యం నిధుల్లోంచే జీతాలిచ్చి, విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేస్తూ ఉద్యోగం దొరక్క తిరుగుతున్న యువకులను రణస్థలాల మీదికి పంపాడు. అలా మినెసోటా నుంచి షైలో రణస్థలానికి వచ్చిన రోనల్డ్ లీ అనే పరిశోధక విద్యార్థి తర్వాతి కాలంలో పార్క్ సర్వీస్‌కే ప్రధాన చరిత్రకారుడయ్యాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అప్పటి ఆర్థిక మాంద్యం చదువు లేనివాణ్ణీ చదువుకున్నవాణ్ణీ ఒకే వీధిలో నిలబెట్టింది, ఈ పథకం ఇద్దర్నీ ఒకే శిబిరానికి చేర్చింది.

శిబిరం అంటే సుమారు 200 మంది. ఉదయం ఆరింటికి బ్యూగుల్ మోగేది. మంచం సర్దుకుని, వరసలో నిలబడి హాజరు చెప్పి, తిండికి కూర్చునేవాళ్ళు. గుడ్లు, ఓట్స్ జావ, బంగాళాదుంపలు, పాలు, రొట్టె. ఆ రోజుల్లో నగరాల్లో సూప్ కోసం బారులు తీరిన ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు మూడు పూటలా కడుపు నిండటమే మొదటి వింత. చేరిన కొద్ది నెలల్లోనే చాలామంది ఒళ్ళు చేసి, ఇచ్చిన చొక్కాలు బిగుతయ్యాయి. ఎనిమిదింటికి లారీలెక్కి పనికి పోతే మళ్ళీ నాలుగింటికి రాక. మధ్యాహ్నం పని దగ్గరే చల్లారిన శాండ్‌విచ్. సాయంత్రం జెండా వందనం, భోజనం, ఆ తర్వాత ఇష్టమైనవాళ్ళకు చదువు. అక్కడే దిద్దడం నేర్చి, ఇంటికి మొదటి ఉత్తరం తన చేత్తో తాను రాసుకున్న కుర్రాళ్ళు వేలల్లో ఉన్నారు. చెట్ల సైన్యంలో చదవడం రాయడం నేర్చుకున్నవాళ్ళు 40,000కు తక్కువ కాదు. పదింటికి దీపాలు ఆరిపోవాలి.

జీతం నెలకు 30 డాలర్లు. అందులో 25 డాలర్లు కుర్రాడి చేతికి రావు, నేరుగా ఇంటికి వెళ్తాయి. మిగిలిన 5 డాలర్లే అతనివి. క్యాంటీన్‌లో సిగరెట్లకు, మిఠాయికి, శనివారం ఊళ్ళో సినిమాకు అవే. ఆ పాతిక డాలర్ల చెక్కు మీద తల్లులు అద్దెలు కట్టారు, తమ్ముళ్ళకు చెప్పులు కొన్నారు. పద్దెనిమిదేళ్ళ కొడుకు సంపాదన మీద ఇల్లు నడవడం ఆ ఇళ్ళల్లో తండ్రులకు ఎంత కష్టంగా ఉండేదో ఊహించుకోవచ్చు. అయినా ఆ చెక్కు ఆగకూడదనే అందరూ కోరుకున్నారు. ఇంటి మీద బెంగతో శిబిరం వదిలి పారిపోవాలనుకున్న ఎందరినో ఆపింది కూడా అదే చెక్కు.

శిబిరంలో ఇద్దరు యజమానులు. తిండి, నిద్ర, క్రమశిక్షణ సైన్యం చేతిలో. పని మాత్రం పార్క్ సర్వీస్ లేదా అటవీశాఖ సూపరింటెండెంట్ చేతిలో. వంటింటికీ కట్టెలకూ శిబిరం శుభ్రానికీ ఎంతమందిని అట్టేపెట్టుకోవాలి, పనికి ఎంతమందిని పంపాలి అని ఇద్దరి మధ్యా రోజూ పేచీయే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మొదట్లో నగరం కుర్రాళ్ళు వస్తున్నారని ఆడపిల్లలను దాచుకున్నారు. ఒక్కో శిబిరం నెలకు సుమారు 5,000 డాలర్లు స్థానిక అంగళ్ళలో ఖర్చు పెడుతోందని తెలిశాక అదే ఊరివాళ్ళు తమ శిబిరాన్ని ఎత్తేయొద్దని వాషింగ్టన్‌కు అర్జీలు పెట్టుకున్నారు.

ఇక పని దగ్గరికి వెళ్దాం. నన్ను అడిగితే ఈ మొత్తం కథలో అన్నిటికన్నా తీరిగ్గా చెప్పుకోవలసిన చోటు కాలిఫోర్నియాలో లామ్‌పాక్ అనే ఊరి పక్కన ఉంది. పేరు లా పురిసీమా మిషన్.

స్పెయిన్ పాలనలో మొదలుపెట్టి ఫ్రాన్సిస్కన్ పాద్రీలు కాలిఫోర్నియా తీరం వెంట ఒకదాని తర్వాత ఒకటిగా 21 మిషన్లు కట్టారు. లా పురిసీమా 1787లో మొదలైంది. 1812 డిసెంబరు 21న భూకంపం దాన్ని నేలమట్టం చేసింది. మరుసటి ఏడాది నాలుగు మైళ్ళ దూరంలో మళ్ళీ కట్టారు. ఈసారి మిగతా మిషన్లలా నాలుగు వైపులా మూసిన చావడిగా కట్టలేదు. భూమి కదిలితే బయటికి పారిపోవడానికి వీలుగా భవనాలన్నీ ఒకే వరసలో లేపారు. కట్టింది పాద్రీలని రాస్తారు గానీ మట్టి తొక్కిందీ ఇటుకలు మోసిందీ చూమాష్ తెగ ప్రజలు. మిషన్‌లో చేరాక బయటికి పోయే స్వేచ్ఛ వాళ్ళకు లేదు. తట్టు, మశూచి వాళ్ళను వందల్లో పొట్టనబెట్టుకున్నాయి. 1824లో వాళ్ళు తిరగబడి లా పురిసీమాను సుమారు నెల రోజులు తమ గుప్పిట్లో పెట్టుకున్నారు. ఫిరంగులతో వచ్చిన మెక్సికో సైనికులు ఆ తిరుగుబాటును అణిచేశారు, ఏడుగురికి మరణశిక్ష అమలు చేశారు. 1834 తర్వాత మిషన్ వ్యవస్థ రద్దయింది. భవనాలు చేతులు మారాయి, పైకప్పు పెంకులను ఎవరికి కావలసినవి వాళ్ళు పట్టుకుపోయారు. కప్పు పోయిన పచ్చి ఇటుక గోడకు వానే మృత్యువు. వందేళ్ళలో గోడలు కరిగి దిబ్బలయ్యాయి.

ఆ దిబ్బల మధ్యకు 1934లో 200 మంది కుర్రాళ్ళు లారీల్లో దిగారు.

ఏం చేయాలన్న దాని మీద పెద్దల మధ్య వాదం నడిచింది. ఉన్న శిథిలాన్ని ఉన్నట్టు నిలబెట్టి కాపాడటమే నిజాయితీ అని కొందరు, మొత్తం తిరిగి కట్టి చూపిస్తేనే జనానికి అర్థమవుతుందని మరికొందరు. ఈ వాదం ఇప్పటికీ ప్రపంచమంతా నడుస్తూనే ఉంది, మన దగ్గర పాత గుళ్ళ విషయంలోనూ వింటూనే ఉంటాం. లా పురిసీమాలో తిరిగి కట్టాలన్నవాళ్ళ మాటే నెగ్గింది. అయితే ఊహ మీద కట్టొద్దని గట్టి కట్టుబాటు పెట్టుకున్నారు. ముందు తవ్వాలి, పునాది ఎక్కడ మలుపు తిరిగిందో చూడాలి, పాత ఫొటోలతో పోల్చాలి, ఆ తర్వాతే గోడ లేపాలి. పనిముట్లు కూడా వీలైనంతవరకు ఆనాటివే వాడాలి.

మట్టిని గుంటలో నానబెట్టి, ఎండుగడ్డి కలిపి తొక్కి, చెక్క అచ్చుల్లో పోసి ఇటుకలు కోశారు. అచ్చు ఎత్తేసి ఎండలో వరసలుగా పరిచి, కొంత ఆరాక నిలువుగా తిప్పి, మళ్ళీ ఆరబెట్టి, దొంతర్లు పేర్చారు. తొందరపడి ఎండకు వదిలేస్తే బీటలిస్తుంది. గడ్డి తక్కువైతే విరిగిపోతుంది. ఒక్కో ఇటుక రెండు చేతులా ఎత్తి మోయవలసినంత బరువు. ఇలాంటివి లక్షకు పైగా కోశారు. కరిగి కుప్పబడిన పాత గోడల మట్టిని కూడా తడిపి వాడారు కాబట్టి, చూమాష్ మనుషులు వందేళ్ళ కిందట తొక్కిన మట్టే మళ్ళీ ఈ కుర్రాళ్ళ కాళ్ళ కింద నలిగింది. పైకప్పుకు అర్ధచంద్రంలా వంగిన పెంకులు వేల సంఖ్యలో చేసి కాల్చారు. మన పాత ఇళ్ళమీద గూన పెంకు చూసినవాళ్ళకు ఆ కప్పు పరాయిదనిపించదు. దూలాలను రంపపు మిల్లు నున్నదనం కనబడకుండా బాడిశతో చెక్కారు. తలుపులు, బల్లలు, కమ్మరి కొలిమిలో మేకులు, బందులు కూడా చేత్తోనే చేశారు. భూకంపాల నేల కాబట్టి గోడల లోపల మాత్రం కంటికి కనబడకుండా కాంక్రీటు దన్ను పెట్టారు. అది మోసమా, ముందుజాగ్రత్తా అని కూడా ఆరోజుల్లో మాటలు నడిచాయి. నా మటుకు నాకు అది ముందుజాగ్రత్తే. 1812లో కప్పు మీద పడ్డప్పుడు తెలిసిన పాఠం అది.

బ్యాంకు దివాళా తీసి తండ్రి కొట్టు మూతపడ్డ పిల్లవాడికి ఇటుక కోయడం ఏం పనికొస్తుంది అని అడగొచ్చు. శిబిరం వదిలి వెళ్ళేటప్పుడు అతని చేతిలో వడ్రంగమో, తాపీపనో, కొలిమిపనో ఉండేది. అంతకు మించి ఇంకోటి ఉండేది. తన చేత్తో చేసింది తనకన్నా ఎక్కువ కాలం నిలిచి ఉంటుందన్న నమ్మకం. అంతవరకు దేశం ఆ వయసు పిల్లలను మిగులు సరుకుగా లెక్కవేసింది. రైలు పెట్టెల కప్పుల మీద ఊరూరా తిరిగిన లక్షలాదిమంది గురించి రెండో భాగంలో చెప్పుకున్నాం కదా, ఆ పిల్లలే వీళ్ళు.

చర్చి, పాద్రీల నివాసం, కార్మికుల గదులు, నీటి కాలువలు, ఫౌంటెన్లు అన్నీ పూర్తయి లా పురిసీమాను జనానికి అప్పగించే వేడుక పెట్టుకున్నారు. పెట్టుకున్న తేదీ 1941 డిసెంబరు 7. అదే ఉదయం పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి. ఆ తేదీ ఏం తెచ్చిపెట్టిందో వచ్చే భాగంలో చూద్దాం.

ఇప్పుడు దేశానికి అటు చివర, వర్జీనియాలో జేమ్స్‌టౌన్‌కు వెళ్దాం. ఉత్తర అమెరికాలో ఇంగ్లిష్‌వాళ్ళు 1607లో దిగి నిలదొక్కుకున్న మొదటి ఊరు అది. 1934లో ఆ ఊరున్న దీవిలో ఎక్కువ భాగం పార్క్ సర్వీస్ చేతికి వచ్చింది. తవ్వకాలకు కూలీలుగా వచ్చింది చెట్ల సైన్యంలోని నల్లజాతి యువకులు. ఆఫ్రికా నుంచి బందీలుగా తెచ్చిన మనుషులను ఇంగ్లిష్ వలసలో మొదటిసారి అమ్మింది 1619లో, ఈ వర్జీనియా తీరంలోనే. 300 ఏళ్ళ తర్వాత ఆ సంతతి పిల్లలు ఆ యజమానుల ఇళ్ళ పునాదులను జాగ్రత్తగా, ఇటుక ఇటుకా తుడుస్తూ బయటికి తీశారు. మట్టి పొగాకు గొట్టాలు, సీసా పెంకులు, చేత్తో కొట్టిన మేకులు, గిన్నె ముక్కలు తవ్వి తీసి కడిగి అంకెలు వేశారు. ఎవరి చరిత్రను ఎవరు తవ్వుతున్నారన్న ప్రశ్న ఆనాటి నివేదికల్లో ఎక్కడా లేవదు. మనం మాత్రం అది అడక్కుండా ముందుకు పోలేం.

నివేదికల్లో ఉన్న తగాదా వేరే. జేమ్స్‌టౌన్‌లో వాస్తుశిల్పులకూ పురావస్తువాళ్ళకూ పడలేదు. కట్టడం మాది అని వాళ్ళు, మట్టి మాది అని వీళ్ళు. చివరికి కుదిరిన రాజీ చూస్తే ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. పురావస్తువాళ్ళు తవ్వుకుంటూ వచ్చి పునాదికి మూడు అడుగుల దూరంలో ఆగిపోవాలి. ఆ మూడు అడుగులూ వాస్తుశిల్పుల సొత్తు. గోడ ఎప్పుడు కట్టారో, ఎప్పుడు కాలిందో చెప్పే ఆనవాళ్ళు సరిగ్గా ఆ మూడడుగుల మట్టిలోనే ఉంటాయి! 1936లో జె.సి. హారింగ్టన్ వచ్చాక గానీ ఇది తెగలేదు. ఆయన వాస్తుశాస్త్రం చదివి, తర్వాత పురావస్తు శాస్త్రంలోకి వచ్చినవాడు. రెండు పక్షాల భాషా తెలిసినవాడు కాబట్టి పనిని ఒక్కటి చేయగలిగాడు. తవ్వకాన్ని యాత్రికులు దగ్గరికి వచ్చి చూసేలా కూడా ఏర్పాటు చేశాడు. రాజులూ దేవాలయాలూ లేని, మొన్నమొన్నటి మామూలు ఇళ్ళను కూడా శాస్త్రీయంగా తవ్వి చదవొచ్చని అమెరికాలో నిలబెట్టినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉంటాడు. ఆయన పేరు పుస్తకాల్లో ఉంది. ఆయన చెప్పిన లోతు వరకు, ఒక్క అంగుళం ఎక్కువ కాకుండా గీకిన చేతుల పేర్లు చాలావరకు లేవు.

ఆ చేతులు శిబిరం దాకా రావడమే ఒక పోరాటం. చట్టం చేసేటప్పుడు, అప్పటి కాంగ్రెస్‌లో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి సభ్యుడు, ఇల్లినాయ్‌కి చెందిన ఆస్కర్ డి ప్రీస్ట్ ఒక వాక్యం పట్టుబట్టి చేర్పించాడు: జాతి, రంగు, మతం చూసి ఎవర్నీ కాదనకూడదు. వాక్యం చట్టంలో నిలిచింది. దక్షిణాది జిల్లాల్లో ఎంపిక చేసే కమిటీలు దాన్ని పట్టించుకోలేదు. జార్జియాలో నల్లవారు సగానికి పైగా ఉన్న చోట్ల కూడా ఒక్కరి పేరూ రాయలేదు. పత్తి చేలో కలుపుకు వాళ్ళు కావాలి అన్నది అక్కడి పెద్దల సాకు. కార్మికశాఖలో ఎంపికలు చూసే ఫ్రాంక్ పర్సన్స్, జార్జియాకు కోటా మొత్తం ఆపేస్తానని బెదిరించాక కొద్దికొద్దిగా తలుపు తెరుచుకుంది.

తెరుచుకున్న తలుపు వెనక ఇంకో గోడ ఉంది. మొత్తం పథకానికి డైరెక్టర్ రాబర్ట్ ఫెక్నర్. యంత్రకార్మికుల సంఘం నాయకుడు, టెనెసీలో పుట్టినవాడు. రోజుకు డాలరు కూలి కార్మికుల పొట్ట కొడుతుందని సంఘాలు గోల చేస్తే, వాళ్ళను చల్లార్చడానికే రూజ్‌వెల్ట్ ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. నిజాయితీపరుడు, పొదుపరి. కానీ 1935లో నల్లవారికీ తెల్లవారికీ శిబిరాలు పూర్తిగా వేరుగా ఉండాలని ఉత్తర్వు ఇచ్చాడు. నల్లవారి శిబిరంలో ఖాళీ పడితేనే కొత్త నల్లవాణ్ణి చేర్చుకోవాలన్నాడు. నల్లవారి శిబిరం మా ఊరి పక్కన వద్దని వచ్చిన అర్జీలకు తలొగ్గి ఎన్నోసార్లు చోట్లు మార్చాడు. పథకానికి మంచి పేరు తెచ్చిన మనిషి చేతి మీదుగానే ఈ అన్యాయం జరిగింది. దాన్ని కాలం మీదికి నెట్టేసి ఊరుకోలేం. డి ప్రీస్ట్ కూడా అదే కాలం మనిషి, పర్సన్స్ కూడా అదే కాలం మనిషి.

ఇన్ని అడ్డంకుల్లోనూ 2,00,000కు పైగా నల్లజాతి యువకులు చెట్ల సైన్యంలో పనిచేశారు. వాషింగ్టన్ పక్కన పూడిపోయిన చెసపీక్–ఒహాయో కాలువను జార్జ్‌టౌన్ నుంచి 22 మైళ్ళు మళ్ళీ నీళ్ళు పారేలా చేసింది వాళ్ళ రెండు శిబిరాలే. బానిసత్వాన్ని ముగించిన యుద్ధంలో పెద్ద మలుపు గెటిస్‌బర్గ్. ఆ రణస్థలంలో దారులు బాగుచేసి, చెట్లు చూసుకున్న శిబిరంలో కొన్నాళ్ళకు అధికారులు కూడా నల్లవారే అయ్యారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

పెన్సిల్వేనియాలో హోప్‌వెల్ అనే చోట జరిగింది తలచుకుంటే ముచ్చటేస్తుంది. జనం సెలవులకు వచ్చే ఉద్యానం కట్టడానికి కుర్రాళ్ళు వెళ్ళారు. పొదలు నరుకుతుంటే పాత ఇనుప కొలిమి, దాని చుట్టూ పనివాళ్ళ ఇళ్ళు బయటపడ్డాయి. దాని విలువ తెలిసిన చరిత్రకారులు పని దారి మళ్ళించారు. 1938లో అది జాతీయ చారిత్రక స్థలమైంది.

ఇంతవరకు చెప్పింది నిలబెట్టిన కథ. కూల్చిన కథ కూడా ఈ కుర్రాళ్ళదే.

వర్జీనియాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలు అక్టోబరులో ఆకుల రంగులు చూడటానికి స్కైలైన్ డ్రైవ్ మీదికి కార్లు కడతాయి. 105 మైళ్ళ ఆ కొండదారి పక్కన రాతి గోడలు, లోయ కనిపించేలా ఆగే చోట్లు, పచ్చదనం చాలావరకు చెట్ల సైన్యం పెట్టిన భిక్ష. షెనండోవా పార్క్ అది. అక్కడ 1930ల దాకా ఊళ్ళున్నాయి. ఆపిల్ తోటలు, బడులు, చర్చిలు, శ్మశానాలు ఉన్నాయి. పార్క్ కోసం వర్జీనియా రాష్ట్రం ఆ భూములన్నిటినీ ఒక్క చట్టంతో స్వాధీనం చేసుకుంది. సుమారు 500 కుటుంబాలు కొండ దిగవలసి వచ్చింది. కొందరికి పరిహారం అందింది. సొంత పట్టా లేని కౌలుదార్లకు అదీ లేదు. బతికినంతకాలం ఉండనిచ్చిన ముసలివాళ్ళు కొద్దిమంది. ఖాళీ అయిన ఇళ్ళను విప్పి, కాల్చి, నేల చదును చేసి, మొక్కలు నాటే పని చెట్ల సైన్యానికి అప్పగించారు. సామాను బండ్లకెత్తడంలో సాయంపట్టిన కుర్రాళ్ళే మర్నాడు ఆ గోడలు పడగొట్టారు. వాళ్ళలో కొందరు చుట్టుపక్కల కొండవాళ్ళ పిల్లలే.

ఒకే ఏడాదుల్లో, ఒకే జీతానికి, ఒకే దుస్తుల్లో కాలిఫోర్నియాలో కరిగిన గోడను తిరిగి లేపారు, వర్జీనియాలో నిలబడి ఉన్న గోడను కూల్చారు. అది చరిత్ర, ఇది కాదు అని తీర్పు చెప్పింది కుర్రాళ్ళు కాదు. మిషన్ అయితే పాతది, అందమైనది, పేరున్నది. కొండవాడి ఇల్లు పేదది, నిన్నటిది. అటు టెనెసీలో, గ్రేట్ స్మోకీ పార్క్‌లోని కేడ్స్ కోవ్‌లో ఇంకో వింత జరిగింది. దుంగలతో కట్టిన పాత గుడిసెలను ఉంచి, అదే జనం తర్వాత పలకలతో కట్టుకున్న మంచి ఇళ్ళను తీసేశారు. చూడవచ్చేవాళ్ళకు తొలినాటి వలసదారుల లోకం కనబడాలన్నది కోరిక. ఆ జనం కాలంతో పాటు ఎదిగారన్న నిజం అలా చెరిగిపోయింది. కొండ దిగిన కుటుంబాల మనవలు తర్వాతి రోజుల్లో తమ కథ చెప్పమని గట్టిగా అడిగారు. ఇప్పుడు షెనండోవాలో ఆ కథ కూడా చెబుతున్నారు. అదే ఆలస్యంగా జరిగిన మేలు.

ఈ ధారావాహిక మొదటి భాగం నుంచీ అమ్మాయిల మాటేమిటని అడుగుతున్న పాఠకులున్నారు. చట్టం మగపిల్లలకే. ఎలినార్ రూజ్‌వెల్ట్ పట్టుబట్టడం వల్ల 1933లో న్యూయార్క్ దగ్గర బేర్ మౌంటెన్‌లో క్యాంప్ టెరా పేరుతో ఆడపిల్లల శిబిరం ఒకటి వెలిసింది, తర్వాత మరికొన్ని వచ్చాయి. 1937లో మూతపడేనాటికి వాటిలో ఉండివెళ్ళిన స్త్రీలు 8,500 మంది. లక్షల పక్కన వేలు. వాళ్ళకు అడవి పని అప్పగించలేదు, నెల జీతమూ ఇవ్వలేదు. అడవి పనికి అమ్మాయిలూ పనికొస్తారని ఒప్పించడానికి ఇంకో ఇరవై ఏళ్ళు, ఒక కాలేజీ విద్యార్థిని రాసిన పరిశోధన వ్యాసం అవసరమయ్యాయి. ఆమె దగ్గరికి ఆరో భాగంలో వస్తాం.

1935 ఆగస్టు 21న రూజ్‌వెల్ట్ చారిత్రక స్థలాల చట్టం మీద సంతకం పెట్టాడు. జాతికి ముఖ్యమైన పాత కట్టడాలను కాపాడటం ప్రభుత్వ విధి అని ఆ చట్టం తొలిసారి చెప్పింది. చట్టం కాగితం మీదికి రాకముందే రెండేళ్ళుగా ఆ పని కుర్రాళ్ళ చేతుల మీద నడుస్తూనే ఉంది. అదే నెలలో చెట్ల సైన్యం 5,00,000 మందికి పైగా పెరిగి, ఎన్నడూ లేనంత పెద్దదయింది. ఇక ఇది శాశ్వతంగా ఉండిపోతుందనే అందరూ అనుకున్నారు. రూజ్‌వెల్ట్ కూడా అదే అనుకుని 1937లో కాంగ్రెస్‌ను అడిగాడు. కాంగ్రెస్ ఒప్పుకోలేదు.

ఎందుకు ఒప్పుకోలేదు, అదే ఏడాది ఆగస్టు 21న వయోమింగ్ అడవిలో బ్లాక్‌వాటర్ వాగు దగ్గర చెలరేగిన మంటల్లో 15 మంది ఎలా చిక్కుకున్నారు, నేల కోత ఆపడానికని నాటిన కుడ్జు తీగ దక్షిణాదిని ఎలా కమ్మేసింది, అడవిలో ఇన్ని రోడ్లెందుకని ఆల్డో లియోపోల్డ్, బాబ్ మార్షల్ వంటివాళ్ళు ఎందుకు ఎదురు తిరిగారు, పెర్ల్ హార్బర్ తర్వాత ఆరు నెలల్లో శిబిరాలు ఎలా ఖాళీ అయ్యాయి – ఇవన్నీ అయిదో భాగంలో.